నెత్తురు కారని దెబ్బలు

మన సంఘం ప్రత్యేక సంచికకు పాత సంగతులేవైనా రాయమని కార్యదర్శి గారు కోరగానే నాకు అనకాపల్లి లారీలు గుర్తొచ్చాయి. కార్మికుల నష్టపరిహారం కాగితాలు చూసే గుమాస్తాగా చాలా ఏళ్లు పనిచేసిన వాణ్ణి.

సంక్రాంతి రోజుల్లో మన బెల్లం మార్కెట్టు జోరు తెలియనిదెవరికి! దిమ్మలు మోయడం కలాసీల వంతు. లోడు పడ్డాక కష్టం డ్రైవరుది, క్లీనరుది. టార్పాలిన్ పైకెక్కించి, మోకు లాగి బిగించాలి. ఒరిస్సా దారిలో అర్ధరాత్రి టైరు పేలితే జాకీ పెట్టి స్టెప్నీ మార్చాలి. ఆనాటి లారీలకు పవర్ స్టీరింగు ఎక్కడిది? నిండు లోడుతో సందులో బండి తిప్పాలంటే సీటులోంచి సగం లేచి స్టీరింగు లాగవలసిందే. నలభై ఏళ్లకే నడుములు పోయిన వాళ్లను ఎందరినో చూశాను.

1923 నాటి నష్టపరిహారం చట్టం, పనిలో ఉండగా, పని కారణంగా జరిగిన ప్రమాదానికి పరిహారం ఇమ్మంది. బరువు లాగుతూ నడుం పడితే అది ప్రమాదం కాదని ఎక్కడా అనలేదు. అలా అనుకున్నది మేమే. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చి రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అంది. కాని ఐదుగురికన్నా తక్కువ మంది పనిచేసే చోట అది మామూలుగా వర్తించేది కాదు. ఒకటి రెండు లారీల ఆసాములకు దానితో పనేముంది?

1980 ప్రాంతంలో ఒక డ్రైవరు దరఖాస్తు తెచ్చాడు. వానలో మోకు బిగిస్తూ పడిపోయాడట. గాయం ఏదీ, పోలీసు కాగితం ఏదీ అని అడిగాను.

"నెత్తురు కారితేనే దెబ్బేటండీ బాబూ?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. కాగితాలు చాలవని చెప్పాను.

వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీ నడిపి, ఒంట్లో బాగోక రోడ్డు పక్కన బండి ఆపి కుప్పకూలి మరణించిన ఒక డ్రైవరు కుటుంబానికి 2012 డిసెంబరులో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. అంత దూరం నడిపిన శ్రమ కూడా ఆ మరణానికి కారణమేనంది. బండి దేన్నీ గుద్దలేదు, దేహం మీద దెబ్బ లేదు. ఆ తీర్పు సంగతి చదివాక మూడు రోజులు నాకు సరిగా నిద్ర లేదు.

ఆనాడు దరఖాస్తు తిరిగి ఇస్తుంటే బల్ల మీంచి జారి నేల మీద పడింది. అతను వంగలేకపోయాడు. పక్కనున్న క్లీనరు కుర్రాడు తీసి ఇచ్చాడు.