అంకెలలోని నాదము



ముప్పదియేండ్ల క్రిందట మా గురువుగారు పద్యములు చదువగా నొక కాసెట్టుపై పట్టించి యుంచితిని. ఆయన యిప్పుడు లేరు. ఆ కంఠమును నిరుడు కంప్యూటరులోనికి ఎక్కించి వినగా, శకార సకారములకు భేదము తెలియకుండెను. ఉచ్చారణలో లేశమైన దోషమును సహింపని మహానుభావుని నోట నట్టి సంకరము వినవచ్చుట నాకు దుస్సహమయ్యెను. అంకెలను నాదముగా మార్చు యంత్రము, అనగా డాక్, నాసిరకమగుటచేతనే యిట్లున్నదని తలంచి, మొదట నొకటి, పిదప దానికి నాలుగురెట్లు వెలగల మఱియొకటి కొంటిని. ఆ యంత్రముయొక్క చరిత్రయే నేటి ప్రసంగవిషయము.

ధ్వనిని విద్యుత్తరంగముగా మార్చి దూరము పంపునపుడు త్రోవలో రొద యంటుకొనును. తరంగబలమును పెంచు ప్రతి మజిలీలోను ఆ రొదయు పెరుగును. దీనికి ప్రతిక్రియగా, పారిసులోని ప్రయోగశాలలో పనిచేయుచుండిన ఆలెక్ రీవ్సు అను ఆంగ్లేయ యింజనీరు 1937లో నొక యుపాయము నూహించి, 1938లో ఫ్రాన్సున పేటెంటు కోరెను. తరంగమును పంపక, దాని యెత్తును క్షణక్షణమును కొలిచి, ఆ కొలతలను అంకెలుగా పంపవలెను. రొద కలిసినను అంకెను గుర్తించి మరల శుభ్రముగా వ్రాయవచ్చును. నాటి వాల్వులతో నిది వ్యయసాధ్యమగుటచే, ట్రాన్సిస్టరు వచ్చిన పిదపగాని వ్యాప్తికి రాలేదు.

సెకండునకు ఎన్నిమార్లు కొలువవలెను? అత్యున్నతశ్రుతి యొక్క కంపనసంఖ్యకు రెండింతలు మించిన చాలునని నైక్విస్టు 1928లోను, షానను 1949లోను వ్రాసినవానివలన తేలినది. మనుష్యుని చెవి సుమారు 20,000 కంపనములవఱకు వినును. కావున కాంపాక్టు డిస్కునకు 44,100 కొలతలు, ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లు నిర్ణయించిరి. 1982 అక్టోబరులో జపానున సోనీవారి తొలి యంత్రము అమ్మకమునకు వచ్చెను. అందు రెండు చెవులకును ఒకే డాక్ వంతులవారీగా పనిచేసెను! తరువాత నిది ప్రత్యేకపు పెట్టెగా వెలసి, నేడు ఫోనునకు తగిలించు తీగ కొసలోను ఇముడుచున్నది.

ఇక నా కొనుగోళ్ల సంగతి. మా మనుమడు నా వెనుక నిలిచి, రెండు యంత్రముల ధ్వనిని సరితూచి, ఏది మ్రోగుచున్నదో చెప్పక మార్చి మార్చి వినిపించెను. పదిమార్లలో నేను సరిగా చెప్పినవి అయిదు. “బొమ్మా బొరుసూ వేసినా అయిదు వచ్చేవి తాతయ్యా!” అని వాడు నవ్వెను.

మొదటిది వ్యర్థము గాలేదు. కంప్యూటరులోని బుసబుసను తొలగించెను. రెండవదే దండుగ. సకారాదుల భేదము హెచ్చు శ్రుతులయందుండును. 3,400 కంపనములకు మించనీయని పాత టెలిఫోనులో నట్టి యక్షరములు పొరబడుట మీకు అనుభవమే. మా చవుక టేపును అరిగిన హెడ్డును ఆ శ్రుతులను నాడే పట్టలేదు. తాళపత్రమున గ్రంథపాతమున్నచోట ఎంతటి పండితుడు చదివినను పోయిన యక్షరము రాదు గదా! ఈ యంత్రము చదువరియేగాని కవి గాదు.

కావున నా మనవి యొక్కటే. డాక్ మార్చదలచినవారు ముందుగా, దోషము చదువరియందున్నదో పత్రమునందున్నదో విచారింపుడు. మీ యింట పెద్దల కంఠము నిలుపదలచితిరేని, ఆ ధనముతో మంచి మైక్రోఫోను కొని, వారుండగానే పట్టింపుడు. మా గురువుగారి శకారము ఇప్పుడు ఏ యంత్రమునను లేదు. ఆయన దిద్దిన శిష్యుల నాలుకలమీద మాత్రమే యున్నది. ఆ శిష్యులమును వృద్ధులమైతిమి.

సెలవు.