గెలుపు లేని ఆటలు



మొన్న సెలవులకు వచ్చిన నా మనుమడు కంప్యూటరు ముందర కూర్చుండి చదరపు దిమ్మలతో ఒక కోట కట్టుచుండెను. "ఏమిరా, ఇందులో గెలుచుట యెట్లు?" అని యడిగితిని. "ఇందులో గెలుపు లేదు తాతయ్యా, కట్టుకొనుటయే" అనెను. పులిజూదమును వైకుంఠపాళియును ఆడి పెరిగిన నాకు ఆ మాట మింగుడుపడలేదు. మేకలు తరుగుటయో, పులులు కట్టుపడుటయో జరిగినగాని ఆట ముగియునా? ఆ సందేహమే నన్నీ చరిత్రలోనికి దింపినది.

ఇట్టివానిని ఆంగ్లమున శాండ్‌బాక్సు ఆటలందురు. శాండ్‌బాక్సనగా పిల్లలు ఆడుకొనుటకు ఇసుక పోసియుంచిన పెట్టె. మా కృష్ణ యొడ్డున తడి యిసుకలో పాదముంచి, పైన ఇసుక కప్పి, మెల్లగా పాదమును వెనుకకు తీసి మేమందరమును పిచ్చుకగూళ్లు కట్టినవారమే. అందులో ఎవరు గెలిచిరి? ఎవరును గెలువలేదు. అయినను తల్లి కేక వేయువరకు ఇంటికి పోయినవారు లేరు.

తొలినాటి వీడియో ఆటలలో పెక్కు నాణెము వేసి ఆడు యంత్రములకై పుట్టినవి. ఆటగానికి మూడు ప్రాణములిత్తురు. అతడు త్వరగా ఓడినగాని మరియొక నాణెము పడదు. ఇది వర్తకుని లెక్క. 1984లో ఇంగ్లండున డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్ అను కేంబ్రిడ్జి విద్యార్థు లిరువురు 'ఎలీట్' అను ఆటను వెలువరించిరి. అందు ఆటగాడు నక్షత్రముల నడుమ ఓడ నడుపుకొనుచు సరకుల నమ్ముకొనవచ్చును, బుద్ధి పుట్టినచో దోపిడియు చేయవచ్చును. ఇది చేయుమని ఆజ్ఞాపించువాడు లేడు. మూడు ప్రాణములు లేని ఆట యేమి ఆటయని ఒక ప్రచురణసంస్థ దానిని ముందే త్రోసిపుచ్చినది.

అంతకంటె నాకు నచ్చిన కథ అమెరికాలోని విల్ రైట్ అనువానిది. అతడును 1984లోనే ఒక యుద్ధపు ఆటను వెలువరించెను. హెలికాప్టరులో పోయి ద్వీపములపై బాంబులు వేయుట అందలి పని. ఆ ద్వీపములను గీయుటకు తనకొక పనిముట్టును చేసికొనెను. తీరా చూడగా ఊళ్లను కూల్చుటకంటె వానికి రోడ్లు వేయుటయే అతనికి హెచ్చు సంతోషముగా నుండెను! నగరములు పెరుగుట, క్షీణించుటలను గణితమున కెక్కించిన జే ఫారెస్టరు గ్రంథమును చదివి, తన ఊళ్లకు జీవము పోసెను. జయాపజయములు లేవని వర్తకులు వెనుకాడిరి. తుదకు 1989లో అది 'సిమ్ సిటీ' యను పేర వెలువడి జగత్ప్రసిద్ధమాయెను.

ఆ యాటను నేనును ఆడి చూచితిని. ఇండ్లకు, అంగళ్లకు, కర్మాగారములకు వేరువేరుగా నేల కేటాయింపవలెను. కరెంటు ఇయ్యవలెను. పన్ను పెంచితిరా, జనులు మూటముల్లె సర్దుకొని పోవుదురు. తగ్గించితిరా, రోడ్ల మరమ్మతునకు పైకము చాలదు. కరణముగారి కుమారుడనైన నాకు ఇది యంతయు ఎరిగిన గొడవయే, అయినను రాత్రి పన్నెండు కొట్టువరకు లేవలేకపోతిని. నా తప్పునకు ఫలము నా కన్నుల యెదుటనే కనబడుచుండెను. వైకుంఠపాళిలో పాము మ్రింగుట గవ్వల చలువ. ఇచ్చట పాము నేను పెంచినదే. ఈ ఆటల ఆకర్షణ యంతయు ఇందే యున్నదని నా తలంపు.

మా మనుమ డాడుచున్నది స్వీడను దేశీయుడగు మార్కస్ పెర్సన్ 2009లో బయటపెట్టిన 'మైన్‌క్రాఫ్ట్'. 2023 నాటికి ముప్పది కోట్ల ప్రతులకు మించి అమ్ముడైనది. ఐక్యరాజ్యసమితి వారి నివాసముల విభాగము 2012 నుండి దీనిని ఊరి పనులకును వాడినది. నేపాలులోని కీర్తిపురమునందు జనులే తమ బహిరంగస్థల మెట్లుండవలెనో దిమ్మలతో కట్టి చూపిరి.

దోషమును దాచను. ముగింపు లేని ఆటలో లేచు వేళను ఆట చెప్పదు. పిచ్చుకగూటికి చీకటి పడెడిది; దీనికి చీకటి లేదు. మా యింట అన్నమునకు మూడుసారులు పిలువవలసి వచ్చినది.

నాలుగవనాడు వాడు నా ప్రక్కకు వచ్చి, 1977 ఉప్పెనలో పోయిన మా మండువా యిల్లు కట్టెదను, వివరములు చెప్పుమనెను. స్తంభములు ఎనిమిది యని చెప్పితిని. నూయి ఈశాన్యమున నుండెననియు, వంటయిల్లు దానికి చేరువననియు చెప్పితిని. "తులసికోట ఎటువైపు, తాతయ్యా?" అని యడిగెను. ఎంత తలచుకొన్నను జ్ఞప్తికి రాలేదు. మా చెల్లెలికి ఫోను చేసితిమి. ఆమె యొకవైపు చెప్పినది, మా తమ్ముడు వేరొకవైపు చెప్పినాడు. వాడు రెండువైపులను కట్టి, ఏది తీసివేయవలెనో చెప్పుమని నా వంక చూచుచున్నాడు.