ఐదింటికే మొదలయ్యే రాత్రి

డిసెంబరు, సాయంత్రం ఐదు దాటింది. అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో, మెరీనా పార్కు గట్టు మీద మీరు కుదురుగా కూర్చునేలోపే ఎదురుగా రాస్ దీవి కొబ్బరిచెట్లు నల్లబడిపోయాయి. మన ఊళ్లలో ఈ వేళకి పిల్లలింకా వెలుతురులోనే ఆడుకుంటుంటారు. దేశమంతటికీ టైము చెప్పే రేఖాంశం మన కాకినాడ పక్క నుంచి పోతుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. అందుకే ఇక్కడ పొద్దు అరగంటకు పైగా ముందే గుంకుతుంది, ఊరి రాత్రీ అంత ముందే మొదలవుతుంది. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చినా, జనం నోట ఇంకా పాత పేరే ఆడుతోంది.

దీపాలు వెలిగాయి. ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లు స్నానాలు చేసి, పిల్లల్ని స్కూటర్ల ముందు నిలబెట్టుకుని, ఒక్కొక్కరే చేరుతున్నారు. రంగురంగుల లైట్లు మినుకుమనే బొమ్మలబండి చుట్టూ పిల్లల గోల. దూరంగా నూట యాభై అడుగుల స్తంభం మీద జెండా గాలికి టపటపలాడుతోంది. 1943 డిసెంబరు 30న నేతాజీ ఈ ఊళ్లో జెండా ఎగరేశారు. దానికి 75 ఏళ్లు నిండిన రోజున, 2018లో, ఈ జెండా ఎత్తారు. గట్టు మీద కాలేజీ కుర్రాళ్లు నలుగురు గిటారు శ్రుతి చేసుకుంటున్నారు. నీళ్లకవతల నార్త్ బే దీపస్తంభం ఒకసారి మెరిసి ఆగింది. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు మీద కొబ్బరిచెట్ల మధ్య కనిపించేది అదే.

ముక్కు మిమ్మల్ని చేపల బండి వైపు లాగుతోంది, వెళ్లండి. నల్లటి ఇనప పెనం మీద వంజరం ముక్కలు చిటపటలాడుతున్నాయి. కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి మధ్యాహ్నమే పక్కన పెట్టినట్టుంది, మసాలా ముక్కను గట్టిగా పట్టుకుని ఉంది. బండి ఆవిడ అట్లకాడతో అంచు ఎత్తి చూసి, మళ్లీ వదిలేసింది. తొందరపడదు. అడుగు ఎర్రబడ్డాకే తిప్పుతుంది. మీ మాట చెవిన పడగానే తలెత్తింది.

"ఏటి బావూ, మీదే ఊరు?"

"వైజాగ్ అక్కా."

"మాదీ అటేపే, పలాస దగ్గర. మా మాఁవగారు ఓడెక్కి వచ్చీసేరు. కూకోండి, ఏగుతున్నాది."

జంగ్లీఘాట్ మత్స్యకారుల వాడలో ఉంటారట. విశాఖ నుంచి ఇక్కడికి ఓడలో రెండు రోజుల పైచిలుకు ప్రయాణం. ఆ దారిన వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ ఊరి చేపల వ్యాపారంలో పాతుకుపోయాయి. 2011 జనగణనలో ఈ దీవుల్లో వందకి 13 మంది మాతృభాష తెలుగని రాయించుకున్నారు. ముక్క మీద నిమ్మచెక్క పిండి, ఉల్లి చల్లి, ఆకు చేతికిచ్చింది. పైన కరకర, లోపల పొరలు పొరలుగా విడిపోయే తెల్లటి కండ. వేళ్లు కాలినా సరే, వేడిగానే తినండి. చల్లారితే సగం రుచి పోతుంది.

అబర్డీన్ బజారు వైపు ఎక్కుతుంటే బెంగాలీ ఒకాయన డబ్బాలో మరమరాలు పోసి, ఆవనూనె చుక్కలు విదిల్చి, పచ్చిమిర్చి, పల్లీలు వేసి, చెంచాతో టకటక కలుపుతున్నాడు. కాగితం పొట్లం మీద సన్నటి కొబ్బరి బద్దొకటి పెట్టిచ్చాడు. మన బీచి రోడ్డు మురీ మిక్చరుకి ఇది దగ్గరి చుట్టం, ఆవ ఘాటొక్కటే తేడా. 1949 నుంచి తూర్పు బెంగాలు కాందిశీకులకు ఈ దీవుల్లో భూములిచ్చి స్థిరపరిచారు. వాళ్లతో పాటు ఈ ఘాటూ వచ్చింది. ఆ పక్కన దోసెల పెనం దగ్గర తమిళం, ఇంకాస్త ముందు మోమోల ఆవిరి. బేరాలన్నీ హిందీలోనే.

ఇలాంటి తిండి సముద్రాలు దాటిన చోటల్లా పుడుతుంది. 1845లో మొదటి భారతీయ కూలీల ఓడ ట్రినిడాడ్ చేరింది. ఇవాళ పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో జనం నిలబడి తినే డబుల్స్, అంటే రెండు మెత్తటి పూరీల మధ్య శనగల కూర, ఆ కూలీల సంతతి చేతి వంటే. కట్టుబట్టలతో వచ్చిన మనిషి ముందు పెనం పెట్టుకుంటాడు, తర్వాతే ఇల్లు కట్టుకుంటాడు. కానీ హేవ్‌లాక్ దీవి పడవ కోసం ఒక్క రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో పడుకుని పోయే యాత్రికులు హోటలు గది తలుపేసుకుని ఈ ఊరి అసలు సిసలు ఆతిథ్యాన్ని పోగొట్టుకుంటున్నారు. నాకిది నిజంగా బాధ కలిగించే విషయం.

మిట్ట మీద సెల్యులార్ జైల్లో దీపాల ప్రదర్శన మొదలైంది. అందులో రావిచెట్టు జైలు కథ చెబుతోంది. ఏడు విభాగాల్లో మూడే మిగిలిన ఆ జైలు గదుల్లో కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి కూడా ఉన్నారు. ఆ కథ విని దిగి వచ్చినవాళ్లు కొంతసేపు మాట్లాడకుండా నడుస్తారు. బజ్జీల బండి దగ్గరికొచ్చేసరికి పిల్లలు ఆకలంటారు, పెద్దలు జేబులు తడుముకుంటారు. అది తప్పని నేననుకోను. జైలు గోడ కిందే ఇంత సందడిగా, భయం లేకుండా, ఎవరి భాషలో వాళ్లు నవ్వుకుంటూ తినే బజారు ఉండడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

తొమ్మిదికి బండ్లు సర్దేస్తారు కాబట్టి తిరిగి గట్టుకి దిగండి. కుర్రాళ్ల పాట హిందీ నుంచి బెంగాలీకి మారింది. గుంపులోంచి ఎవరో "తెలుగుదొకటి!" అని అరిచారు. గిటారు కుర్రాడికి తెలుగు రాదు, అయినా తాళం అందుకున్నాడు. చేపల అక్క కొడుకు పెనం దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి శ్రీకాకుళం జానపదం ఎత్తుకున్నాడు. చప్పట్లు కొడుతున్నవాళ్లలో సగం మందికి ఒక్క ముక్కా అర్థం కాదు, పల్లవి మాత్రం రెండోసారికే అందరూ పట్టేశారు.