కొలువుకూటములలో వ్యాయామము



విజయదశమినాఁడు మా అమలాపురమున కొంకాపల్లినుండి చెడీ తాలింఖానా వెడలుట మీలోఁ బెక్కురు చూచియే యుందురు. 1856లో అబ్బిరెడ్డి రామదాసుగారు దీని నారంభించిరి. అనఁగా సిపాయిల తిరుగుబాటునకు ఒక యేఁడు ముందు. కఱ్ఱసాము, కత్తిసాము, అగ్గిబరాటాలు త్రిప్పుట వీధివీధిని సాగుచుండును. నే నెఱిఁగినంతవఱకు ఈ విద్య నేర్చినవారు తీరుబడి గలవారు కారు. పగలెల్ల పొలమునందో దుకాణమునందో శ్రమించినవారే. వారి నెవ్వరును హాజరుపట్టీ పెట్టి పిలువలేదు. తమ వీధివారు, తమ గురువు, ఎదుట పండుగ, అంతియ చాలెను.

కొలువులో వ్యాయామమన్నచో కథ వేఱు. 1928 నవంబరులో జపానుదేశమున రేడియోద్వారా వ్యాయామము నేర్పసాగిరి. తపాలా జీవితబీమాశాఖవారు దీనికిఁ బూనుకొనిరి. అమెరికాలో నొక బీమాకంపెనీ చేసిన పనియే వారికి మేలుబంతి. కర్మాగారములలోను కార్యాలయములలోను అది వ్యాపించెను. యుద్ధానంతరమున, ఒక్క గొంతుకు వేలకొలఁది చేతులు లేచుట సైనికకవాతును దలఁపించుచున్నదను శంక పుట్టి, కొంతకాలము నిలిచిపోయి, 1951లో క్రొత్తరూపమున మరల మొదలయ్యెను. మన కేంద్రప్రభుత్వమువారును 2021 సెప్టెంబరులో ఉద్యోగులకు పనినడుమ ఐదు నిమిషముల యోగవిరామమును సిఫారసు చేసిరి. ఐదు నిమిషములే యనుట నాకు నచ్చినది. బలములో సగము వఱకే వ్యాయామము చేయవలెనని సుశ్రుతుఁ డేనాఁడో చెప్పెను గదా!

కొన్నియేండ్లక్రిందట మా ప్రాంతమున నొక కార్యాలయమునందు ప్రాతఃకాలము ఎనిమిది గంటలకు యోగాభ్యాసము పెట్టిరి. మొదటివారము అందఱును వచ్చిరి. మూఁడవవారమునకు నలుగురు మిగిలిరి. అధికారి నా పూర్వశిష్యుఁడు. "మేష్టారూ, మీరు చెపితే వింటారు" అని నన్నుఁ బిలిపించెను. నేను చరకసుశ్రుతుల మతములతో నొక యుపన్యాసము వ్రాసికొని పోయితిని. పండితులకు అడుగుటకంటె చెప్పుటయే యలవాటు.

ముందుగా వచ్చినందున వసారాలో నిలిచియున్న బంట్రోతును, "నీవేల మానితివోయి?" అని యడిగితిని. "పొద్దస్తమానం నిలబడే ఉంటానండి మేష్టారండీ. నాక్కావలసింది కసరత్తు కాదండి, కాసేపు కూర్చోడానికో బల్లండి" అనెను.

నా యుపన్యాసము జేబులోనే యుండిపోయెను. ఆ దినమెల్ల ఒక్కొక్కరినే, అధికారి లేనిచోట, అడుగుచుఁ బోయితిని. రాజోలు వైపునుండి బస్సెక్కి వచ్చు గుమాస్తా యామె, "ఎనిమిదింటికి ఇక్కడుండాలంటే వంట ఎన్నింటికి మొదలెట్టాలండి?" అని నన్నే యడిగెను, మగవారి యెదుటఁ జేయుటకును ఆమెకు మనసొప్పలేదు. దినమెల్ల కుర్చీలో వంగి వ్రాయు వృద్ధగుమాస్తా, తన నడుమునొప్పికి ఏది తగునో ఏది తగదో తెలిసినవారు చెప్పవలెననెను. పడుచువాఁడొకఁడు రానివారి పేర్లు వ్రాసికొనుట యవమానమనెను. వ్యాయామము చెడ్డదన్నవాఁ డొక్కఁడును లేఁడు!

విన్నదంతయు, పేర్లు తొలఁగించి, నా శిష్యునకుఁ జెప్పితిని. అతఁడు కొంచెము నొచ్చుకొనెను, కాని మూర్ఖుఁడు కాఁడు. పట్టీ తీసివేసెను. అభ్యాసమును మధ్యాహ్నభోజనమునకు ముందు పదినిమిషములకు మార్చెను. స్త్రీలకు తలుపుగల గది యొకటి యిచ్చెను. నడుమునొప్పికిఁ దగిన శిక్షకుఁడు మాత్రము దొరకలేదు. ఆ వృద్ధుఁడు అటులనే ఉద్యోగవిరమణము చేసెను. వసారాలో బల్ల పడెను.

ఆ మఱుసటి దసరానాఁడు కొంకాపల్లిలో జనముమధ్య నిలిచి చూచుచుంటిని. ఏఁబదియేండ్లు దాఁటిన యొకఁడు చెమటలు గ్రక్కుచు కఱ్ఱ త్రిప్పుచుండెను. చుట్టునున్న బాలురు కేకలు వేయుచుండిరి. దగ్గఱకు రాఁగా ఆనవాలు పట్టితిని: బల్ల యడిగిన బంట్రోతే. నన్నుఁ జూచి, కఱ్ఱ ప్రక్క కుఱ్ఱవాని చేతి కిచ్చి, నమస్కరించి, మరల తీసికొని ముందునకు సాగిపోయెను.