చిగుళ్ల వ్యాధి, మధుమేహం, గుండె జబ్బు: నోటికీ శరీరానికీ ఉన్న సంబంధం

మధుమేహానికి మందులు వాడుతున్న వ్యక్తి మూడు నెలలకొకసారి రక్తపరీక్ష చేయించుకుంటాడు, ఏడాదికొకసారి కళ్ళు చూపించుకుంటాడు, పాదాలకు పుండ్లు పడకుండా జాగ్రత్తపడతాడు. పళ్ళు తోముకునేటప్పుడు నురగలో కనిపించే ఎర్రటి చారను మాత్రం లెక్కచేయడు. చాలా సందర్భాల్లో వైద్యుడు కూడా దాని గురించి అడగడు. దంతవైద్యాన్నీ సాధారణ వైద్యాన్నీ వేర్వేరు కళాశాలల్లో బోధించే ఏర్పాటు వల్ల నోరు శరీరంలో భాగం కాదన్నట్టు చూడడం అందరికీ అలవాటైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది ఏదో ఒక నోటి వ్యాధితో బాధపడుతున్నారు. వారిలో సుమారు 100 కోట్ల మందికి తీవ్రమైన చిగుళ్ల వ్యాధి ఉంది.

ఈ వ్యాధికి మూలం పళ్లపై పేరుకునే పాచి. నోటిలో సుమారు 700 రకాల సూక్ష్మజీవులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. వాటిలో అధిక భాగం హాని చేయనివే. శుభ్రం చేయని పంటిపై ఇవి జిగటపొరగా కూడుకుంటాయి. లాలాజలంలోని ఖనిజాలు చేరి ఆ పొర కొద్ది రోజుల్లోనే గట్టిపడి గారగా మారుతుంది. చిగురు ఎర్రబడి, ఉబ్బి, తాకితే రక్తం కారుతుంది. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హెరాల్డ్ లో బృందం 1965లో ప్రచురించిన ప్రయోగం దీనిని నిరూపించింది. ఆరోగ్యమైన చిగుళ్లు ఉన్న 12 మంది చేత పళ్లు తోముకోవడం మాన్పించగా, 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. తిరిగి తోముకోవడం మొదలుపెట్టగానే వాపు తగ్గింది. ఆ దశ వరకు జరిగిన నష్టాన్ని పూర్తిగా సరిదిద్దవచ్చు. వాపు లోతుకు దిగి, పంటిని పట్టి ఉంచే ఎముకను కరిగించడం మొదలుపెడితే పోయిన ఎముక తనంతట తాను తిరిగి రాదు. ఇంతా జరుగుతున్నా నొప్పి ఉండకపోవడమే ఈ వ్యాధిలోని మోసం. పిప్పిపన్ను రాత్రంతా నిద్రపోనివ్వదు కాబట్టి మనిషి వైద్యుడి దగ్గరకు పరుగెత్తుతాడు. చిగుళ్ల వ్యాధి ఉన్నవాడు పళ్లు కదలేదాకా వెళ్లడు.

మధుమేహంతో దీనికి ఉన్న సంబంధం రెండువైపులా సాగేది. రక్తంలో చక్కెర అదుపు తప్పినప్పుడు తెల్లరక్తకణాల పోరాట శక్తి సన్నగిల్లుతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది, లాలాజలం తగ్గి నోరు ఎండుతుంది. చిగుళ్ల వ్యాధికి ఇవన్నీ అనువైన పరిస్థితులే. మరోవైపు, చిగుళ్ల సంచుల్లో నెలల తరబడి నిలిచిన వాపు నుంచి పుట్టే రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. చక్కెర పెరిగితే చిగురు చెడుతుంది, చిగురు చెడితే చక్కెర పెరుగుతుంది. పైన పేర్కొన్న హెరాల్డ్ లో 1993లో చిగుళ్ల వ్యాధిని మధుమేహపు ఆరవ ఉపద్రవంగా పేర్కొన్నారు. గారను తొలగించి చిగుళ్లకు లోతుగా చికిత్స చేస్తే మూడు, నాలుగు నెలల్లో మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బిఎ1సి విలువ దాదాపు 0.4 శాతం పాయింట్ల మేర తగ్గుతున్నట్టు 2022లో కోక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. ఇది మందులకు ప్రత్యామ్నాయం కాదు. అయినా వాడుతున్న మందుకు మరొక మాత్ర జోడిస్తే కలిగే ప్రయోజనంతో పోల్చదగినదే. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలోని అధ్యయనం 2023లో దేశంలో మధుమేహుల సంఖ్యను 10.1 కోట్లుగా అంచనా వేసింది. అంతమంది ఉన్న దేశంలో ఇది చిన్న విషయం కాదు.

గుండె విషయంలో ఇంత ధీమాగా చెప్పలేము. గుండెపోటు వచ్చినవారిలో దంతారోగ్యం మరింత క్షీణించి ఉందని ఫిన్లాండ్ పరిశోధకులు 1989లో వెల్లడించినప్పటి నుంచి ఇటువంటి ఫలితాలు అనేకం వచ్చాయి. అయితే పొగతాగడం, మధుమేహం, పేదరికం రెండు వ్యాధులకూ ఉమ్మడి కారణాలు. అందువల్ల సంబంధం ఉన్నమాట నిజమే గాని, చిగుళ్ల వ్యాధే గుండెపోటుకు కారణమని రుజువు కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో స్పష్టం చేసింది. ఈ జాగ్రత్తకు చరిత్రలోనే ఒక కారణం ఉంది. 1910లో బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లో చేసిన ప్రసంగం తరువాత, కీళ్లనొప్పుల నుంచి మానసిక వ్యాధుల వరకు అన్నింటికీ పళ్లలోని చీమే మూలమన్న వాదం ప్రబలింది. లెక్కలేనంత మందికి మంచి పళ్లు కూడా ఊడబెరికారు. అమెరికాలోని ట్రెంటన్ మానసిక వైద్యశాలలో హెన్రీ కాటన్ ఆ పని పెద్దయెత్తున చేశాడు. రోగాలు మాత్రం తగ్గలేదు.

నోటి సూక్ష్మజీవి నేరుగా గుండెను చేరే సందర్భం ఒకటి నిస్సందేహంగా ఉంది. పన్ను తీసేటప్పుడే కాదు, చెడిన చిగుళ్లతో గట్టి పదార్థం నమిలినా కొన్ని సూక్ష్మజీవులు రక్తంలోకి చేరతాయి. ఆరోగ్యవంతుల శరీరం వాటిని క్షణాల్లో తొలగిస్తుంది. కృత్రిమ కవాటం అమర్చినవారిలో, గతంలో ఈ వ్యాధి వచ్చినవారిలో, కొన్ని పుట్టుకతో వచ్చిన గుండె లోపాలున్నవారిలో అవి గుండె లోపొరపై తిష్ఠవేసి ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్‌కు దారితీయవచ్చు. అటువంటివారికి పన్ను తీసే ముందు యాంటీబయాటిక్ ఇస్తారు.

గర్భిణుల విషయంలో ఆశించిన ఫలితం రాలేదు. చిగుళ్లకు చికిత్స చేస్తే నెలలు నిండని కాన్పులు తగ్గుతాయా అని అమెరికాలో 800 మందికి పైగా గర్భిణులపై జరిపి 2006లో ప్రచురించిన పరీక్షలో తేడా కనిపించలేదు. కానీ గర్భిణికి ఆ చికిత్స సురక్షితమని అదే పరీక్ష తేల్చింది. గర్భం ఉన్నప్పుడు పంటి వైద్యం కూడదన్న భయం ఇంకా మన ఇళ్లలో ఉంది కాబట్టి ఈ రెండో ఫలితమే మనకు ముఖ్యం.

శరీరంలోని వ్యాధిని నోరు ముందుగా చూపడం మరొక కోణం. రక్తహీనతలో నాలుక నున్నగా పాలిపోతుంది. చిగుళ్లు అకారణంగా ఉబ్బి రక్తం కారడం కొన్నిసార్లు రక్త క్యాన్సర్ తొలి సూచన. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ కొందరిలో చిగుళ్లను పెంచుతాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైన నల్గొండ, ప్రకాశం ప్రాంతాల్లో పిల్లల పళ్లపై పడే గోధుమరంగు మచ్చలు, అదే నీరు తాగుతూ పోతే ఎముకలకు ఏమి జరగవచ్చో ఏళ్ల ముందే చెబుతాయి.

పొగాకు గురించి వేరే చెప్పనవసరం లేదు. కానీ ఉత్తరాంధ్ర తీరంలోని అడ్డపొగను ప్రస్తావించక తప్పదు. చుట్ట వెలిగించిన కొనను నోటిలో పెట్టుకుని పీల్చే ఈ అలవాటు అక్కడి మహిళల్లోనే అధికం. నేరుగా తగిలే వేడికీ పొగకూ వారికి అంగిలిలో క్యాన్సర్ వస్తున్నట్టు విశాఖపట్నం వైద్యులు దశాబ్దాల కిందటే నమోదు చేశారు. గుట్కా, వక్క నమిలేవారిలో బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోకపోవడం కూడా క్యాన్సర్‌కు దారితీయగల స్థితే.

రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో, మెత్తని బ్రష్షుతో తోముకోవాలి. రక్తం వస్తున్నదని బ్రష్షు మానేయడం పొరపాటు, శుభ్రత లేకపోవడం వల్లనే ఆ రక్తం. మధుమేహం ఉన్నవారు ఏడాదికి ఒకసారైనా చిగుళ్లు చూపించుకోవాలి. రక్తం పలచబడే మందులు, ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే సూదిమందులు వాడుతున్న సంగతిని పన్ను తీయించుకునే ముందే దంతవైద్యుడికి తెలపాలి. మొదటి రకం మందును సొంతంగా ఆపడం ప్రమాదకరం. రెండో రకం వాడుతున్నవారిలో పన్ను తీసిన చోట దవడ ఎముక మానకుండా ఉండిపోయే అవకాశం ఉంది. నోటిలో రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ ఉంటే, నొప్పి లేకపోయినా పరీక్ష చేయించుకోవాలి.