గాలి అంకెలను చదవడమెలా? భిలాయ్ విద్యార్థి వేయవలసిన అయిదు ప్రశ్నలు

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాకు చెందిన భిలాయ్, సోవియట్ యూనియన్ సహకారంతో నెలకొల్పిన ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన పట్టణం. 1959 ఫిబ్రవరి 4న అక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేసును నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు అనేకం అక్కడే స్థిరపడ్డాయి. 2019 జనవరిలో కేంద్రం ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో రాయపూర్, కోర్బాలతో పాటు భిలాయ్‌కీ చోటు దక్కింది.

ఇటువంటి పట్టణంలోని విద్యార్థి పాఠశాల ప్రాజెక్టు కోసం గాలిని అధ్యయనం చేస్తే, ఆ అంకెలు ఒకవైపు ఇంటిల్లిపాది ఆరోగ్యానికీ, మరోవైపు ఆ ఇంటి జీవనాధారానికీ సంబంధించినవి. తొందరపడి నింద మోపినా, తొందరపడి భరోసా ఇచ్చినా పొరపాటే. ఏ అంకెనైనా నమ్మే ముందు అయిదు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, ఏమి కొలిచారు? దేశంలో 2015 నుంచి అమలులో ఉన్న వాయు నాణ్యతా సూచీ ఎనిమిది కాలుష్య కారకాలను లెక్కలోకి తీసుకుంటుంది. ఒక్కొక్కదానికి విడిగా ఉపసూచీ గణించి, వాటిలో అత్యధికమైన దానినే ఆ రోజు సూచీగా ప్రకటిస్తారు. ఇది సగటు కాదు. కనుక సూచీతో పాటు, ఆ రోజు ప్రధాన కాలుష్య కారకం ఏదో కూడా రాసుకోవాలి.

రెండవది, ఎక్కడ కొలిచారు? భిలాయ్‌లో సివిక్ సెంటర్, 32 బంగ్లాలు, హథ్‌ఖోజ్ వంటి చోట్ల నిరంతర పరిశీలన కేంద్రాలు ఉన్నాయి. హథ్‌ఖోజ్ పారిశ్రామిక ప్రాంతం. అక్కడి అంకె పట్టణమంతటికీ వర్తించదు. నివాస ప్రాంతపు అంకె కూడా అంతే.

మూడవది, ఎప్పుడు, ఎంతసేపు కొలిచారు? ధూళి కణాల సూచీకి 24 గంటల సగటు ఆధారం. ఒక గంట రీడింగును రోజు సగటుతో పోల్చరాదు. శీతాకాలంలో నేలకు దగ్గరగా గాలి స్తంభించి ధూళి పేరుకుంటుంది. వర్షాలు దానిని కడిగివేస్తాయి. జనవరి అంకెను జులై అంకెతో పోల్చి కాలుష్యం తగ్గిందనడం సరికాదు. ఈ జనవరిని గత జనవరితో పోల్చాలి.

నాలుగవది, ఏ ప్రమాణంతో తూచారు? ఉదాహరణకు ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 కణాల 24 గంటల సగటు 45 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. భారత ప్రమాణం 60 కనుక ఇది పరిమితికి లోపలే. దీని ఉపసూచీ సుమారు 75, అంటే ‘సంతృప్తికరం’. అమెరికా పద్ధతిలో అదే గాలికి సూచీ సుమారు 124 అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన రోజువారీ పరిమితి 15 మాత్రమే. దానికి ఇది మూడు రెట్లు. ఫోనులోని రెండు యాప్‌లు రెండు అంకెలు చూపితే ఒకటి అబద్ధమని అర్థం కాదు. వాటి కొలబద్దలు వేరు కావచ్చు.

అయిదవది, ఎవరు కొలిచారు? సివిక్ సెంటర్ కేంద్రాన్ని ఉక్కు కర్మాగారం, మిగిలిన రెండింటినీ ఛత్తీస్‌గఢ్ పర్యావరణ పరిరక్షణ మండలి నిర్వహిస్తున్నాయి. నిర్వాహకులకు ఆ ఫలితంతో సంబంధం ఉన్నంత మాత్రాన అంకె తప్పు కాదు. అయితే ఇతర కేంద్రాల అంకెలతో సరిచూడవలసిన అవసరం ఉంటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో, ‘సమీర్’ యాప్‌లో ఈ వివరాలు లభిస్తాయి. కేంద్రం పేరు, తేదీ, ప్రమాణం లేకుండా వాట్సాప్‌లో తిరిగే అంకెను ఆధారంగా తీసుకోరాదు.

ఈ అయిదింటికీ సమాధానం దొరికిన తరువాత కూడా ఒక హద్దు మిగులుతుంది. గాలిలో ధూళి ఎంత ఉందో సూచీ చెబుతుంది కానీ, అది కొలిమి నుంచి వచ్చిందో, లారీల రాకపోకల వల్ల లేచిందో, చెత్త తగులబెట్టడం వల్ల చేరిందో చెప్పదు. అది తేలాలంటే ధూళి నమూనాల రసాయన విశ్లేషణ వంటి ప్రత్యేక అధ్యయనం కావాలి. కాబట్టి విద్యార్థి తన నివేదికలో కొలిచినదానిని, ఊహించినదానిని వేర్వేరుగా రాయాలి. ఆ తేడా పాటించిన నివేదికను కర్మాగారంలో పనిచేసే తండ్రి ముందైనా, ఉబ్బసంతో బాధపడే నాయనమ్మ ముందైనా సంకోచం లేకుండా చదవవచ్చు.