సాముకర్ర

మన పల్నాటిసీమలోని కారెంపూడి, 12వ శతాబ్దమున పల్నాటివీరులు పోరి నేలకొరిగిన చోటు. అచట ఏటేట కార్తికమాసమున వీరాయుధములను కొణతములను పేర పూజింతురు. ఆ ఆయుధములు శత్రువును చంపుటకు పుట్టినవి. సాముకర్ర విద్య నేర్చుటకు పుట్టినది.

ఈ భేద మెరుగక బాల్యమున నేనొక తప్పు చేసితిని. పత్తిచేని కంచెనుండి ఎండిన బోలువెదురు నొకదానిని పెరికి తాలింఖానాకు తెచ్చితిని. రెండవ దెబ్బకే అది చీలి, దాని పేడు నా జతకాని కనుబొమలో దిగెను. గురువుగారు నన్ను దండింపలేదు. లోపల గట్టిగా నుండు సాధనపు వెదురుకర్రను నా చేతికిచ్చి, "ఎదుటివాని కన్ను తలచుకొని కర్ర నెన్నుకో, నాయనా!" అనిరి.

ఫిలిప్పీను ద్వీపములవారికిని 'ఆర్నిస్' అను కర్రసాము కలదు. 2009లో దానిని తమ జాతీయక్రీడగా శాసనము చేసికొనిరి. వారు సాధనకు సుమారు మూరన్నర పొడవుగల పేపబెత్తమును వాడుదురు. అది బోలుగాదు, నలిగిన పీచగునేగాని వాడిపేడులుగా చీలదు. వారి తలంపును మా గురువుగారి తలంపును ఒక్కటియే గదా!

కావున పెద్దలారా! పిల్లల చేతికి కర్ర నిచ్చుటకు ముందు కణుపు కణుపును తడిమి, బీటలు లేవని తెలిసికొని ఈయుడు. వీరుల ఆయుధమునకు పూజ చాలును. బిడ్డల కర్రకు పరీక్ష వలయును.